నూట ఎనిమిదో నవ్వు

నీలవేణీ నది పుట్టిన కొండ కొమ్మున, మబ్బులు సైతం నడుమ ఒకసారి ఆగి ఆయాసం తీర్చుకుంటే గాని చేరలేని ఎత్తున, ఆనందదుర్గం వెలుగుతూ ఉంది. గోడలు చంద్రకాంత శిలలు. బురుజులకు బంగారు రేకుల తాపడం. చుట్టూ ఏడు వరుసల ఉద్యానాలు. వాటిలో వాడడం ఎరగని పూలు, రాలడం తెలియని ఆకులు, ఒక్క క్షణం నోరు మూయని పిట్టలు. కొండ కడుపులోంచి ఉబికిన నది కోట నడుమగా పారి, పడమటి గోడలో చెక్కిన రాతి మొసలి నోట్లోంచి మూడు తాటిచెట్ల లోతుకు దూకుతుంది. ఆ తుంపరలో పొద్దస్తమానం జంట ఇంద్రధనుస్సులు. చూసినవారు ఎవరైనా సరే చేతులు జోడించి "ఆహా" అనాలి.

కుందమ అనలేదు. ఆమెకు గడ్డం దురద పెడుతోంది.

ఆ గడ్డం ఆమెది కాదు. పుట్టి పడవ అతుకుల్లో కూరే కొబ్బరినారను దువ్వి, గుగ్గిలంతో చెంపలకు అంటించుకుంది. గుగ్గిలం పుట్టిని ఎంత గట్టిగా పట్టుకుంటుందో చెంపల్నీ అంత గట్టిగానే పట్టుకుంటుందని మూడు రోజుల కిందట, అంటించుకునేటప్పుడు, ఆమెకు తట్టలేదు. తలకు పాగా, భుజాన తాటాకుల కట్ట, పాదాలకు మూడు రోజుల బొబ్బలు. అదీ ఆమె పండిత వేషం.

ఇంత అవస్థా ఎవరివల్ల? కట్టుకున్నవాడివల్ల.

నీలవేణి రేవులో కుందమా, ఆమె మొగుడు ముమ్మడీ పుట్టి నడుపుతారు. వెదురుతో అల్లి, తోలు బిగించి, గుగ్గిలం పూసిన గుండ్రటి పడవ అది. దాని అడుగున బొటనవేలు దూరేంత కన్నం పడిందనీ, పూడ్చమనీ మూడు పున్నములుగా ఆమె చెబుతూనే ఉంది. "రేపు" అనేవాడు ముమ్మడి. ఆ రేపు రాకముందే ఒకనాడు నది మధ్యలో పుట్టిలోకి నీళ్ళు చిమ్మాయి. ఎక్కినవాళ్ళు దేవుళ్ళందరినీ పేరుపేరునా పిలుస్తుంటే, ముమ్మడి ఆ కన్నంలో కాలి బొటనవేలు దూర్చి విరగబడి నవ్వాడు. ఖర్మకొద్దీ ఎక్కినవాళ్ళలో ఆనందదుర్గపు పండితుడొకడున్నాడు. అతని చేతిలో నూరు రేకుల కంచు తామర ఉంది. దాన్ని పట్టుకున్నవారి మనసులో ఎంత సంతోషముంటే అది అన్ని రేకులు విప్పుతుంది. ముమ్మడి చేతిలో పెట్టగానే తొంభై ఏడు విప్పింది. ఒడ్డు చేరీ చేరగానే భటులు అతన్ని పట్టుకుపోయారు.

గుగ్గిలం పూసి ఉంటే ఈ కథే లేదు. ఆ ముక్క అతని మొహం మీద అనడానికే ఆమె ఈ కొండ ఎక్కింది.

అసలు ఈ కోట ఎందుకు పుట్టిందంటే, సుమంతపురాన్ని ఏలే ప్రమోదసేన మహారాజు పదకొండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం సుష్టుగా భోంచేసి, తాంబూలం నములుతూ, "అవునుగానీ, మనిషికి ఆనందమంటే ఏమిటి?" అని అడిగాడు. అంతఃపురంలో అడిగి ఉంటే, కాసేపు నడుం వాల్చి లేవండి, తెలుస్తుందని రాణిగారు చెప్పేవారు. ఆయన సభలో అడిగాడు. సభలో ధూమ్రజటుడనే మాంత్రికుడున్నాడు. జడల్లోంచి ఎప్పుడూ సన్నగా పొగ లేస్తుండే మనిషి. "మహారాజా! ఒక కోట, పన్నెండేళ్ళ గడువు, నూట ఎనిమిదిమంది సంతోషవంతులు ఇప్పించండి. పరిశోధించి విన్నవిస్తాను" అన్నాడు. రాజు సరేనని, నిద్రపోయి, లేచి, మరిచిపోయాడు. మాంత్రికుడు మరవలేదు.

కోటకు రెండు వాకిళ్ళు. ఉత్తరపు వాకిలి సంతోషవంతులకు. అందులోంచి లోపలికి వెళ్ళడమే గాని బయటికి రావడం లేదు. తూర్పు వాకిలి పండితులకు. అక్కడ తామర ఒక్క రేకు కూడా విప్పకూడదు. సంతోషమున్నవాడు సంతోషాన్ని కొలిస్తే పక్షపాతం వస్తుందని శాసనం. ఈ సంగతి పుట్టి ఎక్కే పండితుల మాటల్లో విని ఉంది కాబట్టే కుందమ తూర్పుకు వచ్చింది.

"నామధేయం?" అన్నాడు ద్వారపాలకుడు.

"విషాదేశ్వర శాస్త్రి."

"ఏమి చదివారు?"

"ఓర్పు. పదకొండేళ్ళు."

ద్వారపాలకుడు కంచు తామరను ఆమె చేతుల్లో పెట్టాడు. అది రెండు శేర్ల చెంబంత ఉంది, మొగ్గలా బిగుసుకుని ఉంది. అతడు చుట్టూ తిరుగుతూ అడగసాగాడు.

"కడసారిగా ఎప్పుడు నవ్వారు?"

"గుర్తు లేదు."

"భోజనం చేసేటప్పుడు సుఖం తోస్తుందా?"

"మూడు రోజులుగా అటుకులు."

"ఎవరినైనా చూస్తే ఆహ్లాదం కలుగునా?"

"నువ్వు కాస్త అవతలికి పోతే కలుగుతుందేమో చూద్దాం" అంది కుందమ, నోరు ఊరుకోక.

టింగుమని ఒక రేకు విచ్చుకుంది.

ద్వారపాలకుడు ఈటె ఎత్తాడు. కుందమ గబగబా పుట్టి అడుగున కన్నాన్ని తలుచుకుంది. రేపు, రేపు, రేపు అనే ఆ గొంతును తలుచుకుంది. రేకు టక్కున మూసుకుంది. ద్వారపాలకుడు ఈటె దించి, గౌరవంగా వంగి, "దయచేయండి. ఇంత బిగువైన తామరను నేనీ మధ్య చూడలేదు" అన్నాడు.

లోపల పృచ్ఛకాచార్యుడు ఎదురొచ్చాడు. కోటలోని పండితులందరికీ పెద్ద. వెదురు బొంగులాంటి మనిషి, నుదుటి మీద దున్నిన పొలంలాంటి ముడతలు. ఎవరు కనబడినా నమస్కారానికి ముందే వాళ్ళ చేతిలో తామర పెట్టడం ఆయన అలవాటు. కుందమ చేతిలోనూ పెట్టాడు. అది కదలకపోవడం చూసి తృప్తిగా నిట్టూర్చాడు.

"సమయానికి వచ్చారు శాస్త్రీ! నేటితో మన మహాగ్రంథం సమాప్తం. రండి, శాలలు చూపిస్తాను."

పాలరాతి నడవకు ఇరుపక్కలా గదులు. గదికొక బంగారు ఉయ్యాల, పట్టు పరుపు, వెండి పళ్ళెంలో పళ్ళు. ఒక్కో గదిలో ఒక్కరే మనిషి. అందరూ గోడకేసి చూస్తున్నారు. ప్రతి గది ముందూ ఒక పండితుడు గంటం పట్టుకుని కూర్చుని, ఘడియకోసారి అడుగుతున్నాడు: "ఇప్పుడు సుఖమేనా? నిన్నటికన్నా ఎంత? మొన్నటికన్నా ఎంత?"

పిండి రుబ్బుకునేటప్పుడు ఎవరైనా వచ్చి తననిలా అడిగితే పొత్రం పెట్టి కొట్టేదాన్నని కుందమ అనుకుంది.

"ఈయన డోలు విద్వాంసుడు" అన్నాడు పృచ్ఛకాచార్యుడు. "వచ్చేనాటికి తొంభై మూడు రేకులు."

"డోలేదండీ మరి?"

"తీసివేశాము. చప్పుడుకు కొలత చెడుతుంది."

పక్క గదిలో ఒక ముసలామె గంపెడు మల్లెపూలు ముందు పెట్టుకుని ఒక్కో పువ్వునూ తుంచి పడేస్తోంది.

"ఈమె పూలమ్మి. తొంభై ఒకటి. చూశారా, పూలకు కొదవ చేయలేదు."

"కొనేవాళ్ళు?"

"వారెందుకు? కొనేవారొస్తే బేరం, బేరమొస్తే కలహం. ఆ బాధ తప్పించాము."

"పోనీ, ఈమెను తీసుకెళ్ళి ఆ డోలాయన గదిలో..."

పృచ్ఛకాచార్యుడు చెవులు మూసుకున్నాడు. "శాంతం పాపం! ఒకరి గాలి ఒకరికి సోకితే ఎవరి ఆనందం ఎవరిదో తేలుతుందా? కొలత చెడుతుంది! విడివిడిగా, శుద్ధంగా ఉంచాలి. అదే మన పద్ధతి."

"ఇప్పుడు వీళ్ళకెన్ని రేకులండీ?"

"సున్న."

"ఎందుకని?"

"అదే పదకొండేళ్ళుగా పరిశోధిస్తున్నాము."

కుందమ గడ్డం గోక్కుంది. ఇంకా గట్టిగా గోక్కుంటే అది ఊడి వేషం బయటపడుతుందని ఆపేసింది.

నడవ చివరి గది ఖాళీగా ఉంది. ఉయ్యాల మీద ఒక పాత తుండుగుడ్డ. దాని అంచున తాను వేసిన ఎర్రదారం కుట్టును కుందమ గుర్తుపట్టింది.

"ఇది నూట ఎనిమిదవది" అన్నాడు పృచ్ఛకాచార్యుడు. "పుట్టివాడు. తొంభై ఏడుతో వచ్చి ఇరవై రోజుల్లో మూడుకు పడిపోయాడు. పూర్తిగా ఎండకముందే, ఈ ఉదయమే, వాడి నవ్వు కూడా పిండేశాము."

"పిండేయడమేమిటి?"

"బట్టీలో వేసి. అందరిదీ అలాగే తీశాము. నూట ఎనిమిది నవ్వులూ బుడ్లలో సిద్ధంగా ఉన్నాయి. నడిమింటికి సూర్యుడు రాగానే ఎండ పొడ గంగాళం అంచుమీద పడుతుంది. ఆ క్షణాన అన్నిటినీ అందులో పోసి కలిపి, ధూమ్రజట స్వామివారు సేవిస్తారు. ఇక ఆయనకు చావూ లేదు, విచారమూ లేదు."

"మరి వీళ్ళకో?"

"వీళ్ళ పని అయిపోయింది కదా!" అన్నాడాయన, ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో అర్థం కాక. "ఒకసారి కలిపితే ఎవరి నవ్వు ఎవరిదో బ్రహ్మ కూడా విడదీయలేడు."

కుందమ నడవ కిటికీలోంచి ఆకాశం వంక చూసింది. సూర్యుడు నడిమింటికి ఇంకా బారెడు దూరంలో ఉన్నాడు.

బట్టీశాల కోటకు పడమటి కొసన, నది పారే కాలువ పక్కన ఉంది. గుమ్మానికి అటూ ఇటూ స్తంభాలకు చుట్టుకుని రెండు రాతి నాగులు. ఒక్కోటి తాడిచెట్టంత లావు. సంతోషం వాసన తగిలితే వాటికి ప్రాణం వస్తుందనీ, ఆ సంతోషమున్నవాడిని మింగుతాయనీ, నవ్వుల దొంగలు రాకుండా స్వామివారు చేసిన ఏర్పాటనీ పృచ్ఛకాచార్యుడు చెప్పాడు. కుందమ వాటి మధ్యనుంచి నడిచింది. ఒక్క పొలుసు కదలలేదు.

లోపల కప్పు నడుమ ఒక కంత. అందులోంచి ఎండ పొడ నేల మీద పడి పాకుతోంది. దానికి ఎదురుగా మూడు రాళ్ళ మీద పెద్ద కంచు గంగాళం. గోడ పొడుగునా పలకల మీద గాజు బుడ్లు, మూతులకు లక్క ముద్రలు. ఒక మూల పీట మీద ముమ్మడి.

"స్వామివారిని పిలుచుకొస్తాను. తమరు వీటి మీద కన్నేసి ఉంచండి" అని పృచ్ఛకాచార్యుడు వెళ్ళిపోయాడు.

కుందమ మొగుడి ముందుకు వెళ్ళి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏమయ్యా!"

ముమ్మడి లేచి నిలబడ్డాడు. "అయ్యా."

"నేనయ్యా! కుందమని!"

"అలాగేనండి."

"అలాగేనండి ఏంటి, నీ మొహం! గడ్డం చూసి కంగారు పడకు. నీ పెళ్ళాన్ని!"

"అలాగేనండి."

ఆమె అతని కళ్ళలోకి చూసింది. శుభ్రంగా తుడిచిన పలకల్లా ఉన్నాయి. అనుమానంతో, నెమ్మదిగా అడిగింది.

"పుట్టికి గుగ్గిలం పూస్తావా?"

"పూస్తానండి."

"ఎప్పుడు?"

"ఇప్పుడే పూస్తానండి."

కుందమ ఒక అడుగు వెనక్కి వేసింది. ఈ ఒక్క మాట కోసం ఎన్ని రకాలుగా అరిచిందో, ఎన్ని పూటలు అన్నం వడ్డించకుండా ఖాళీ గిన్నె ముందు పెట్టిందో. తీరా విన్నాక, పారిపోవాలనిపించింది. వీడు తన మొగుడు కాదు. మొగుడి ఆకారంలో ఉన్న పీట.

ఎండ పొడ జానెడు జరిగింది.

ఆమె పలకల దగ్గరికి పరుగెత్తింది. నూట ఎనిమిది బుడ్లూ ఒక్క అచ్చులో పోసినట్టున్నాయి. పేర్లు లేవు. పేరు రాస్తే పక్షపాతం వస్తుందని మానేసి ఉంటారు, పెద్దమనుషులు! ఒక బుడ్డి తీసి చెవికి ఆనించింది. లోపల, శంఖంలో సముద్రంలా, సన్నగా ఎవరో ఆడపిల్ల కిలకిల. దించి ఇంకోటి తీసింది. డోలు మీద చినుకులు పడ్డట్టు ఒక నవ్వు: ఆ విద్వాంసుడిదే అయి ఉండాలి. ఇంకోటి. ఇంకోటి. ముసిముసి నవ్వు, పొట్ట పట్టుకునే నవ్వు, పళ్ళు లేని నవ్వు. ఎండ పొడ గంగాళం కింది రాయిని తాకింది.

ముమ్మడి నవ్వు ఆమెకు బాగా తెలుసు. ముందు ఒక వెక్కిలి. తర్వాత నూతిలో చేద తెగి పడ్డట్టు దభీమని. చివర గాడిదకు పొలమారినట్టు ఒక ఈల. పినతల్లి కూతురి పెళ్ళిలో పంతులుగారి పిలకకు దీపం అంటుకున్నప్పుడు ముమ్మడి ఆ నవ్వు నవ్వితే, ఆమె కొంగుతో మొహం కప్పుకుని స్తంభం చాటుకు పోయింది. ఆ నవ్వు ఇంకో మనిషికి ఉండదు. ఉండకూడదు కూడా.

అరవై మూడో బుడ్డి. వెక్కిలి.

కుందమ బుడ్డిని చెవికి ఇంకా గట్టిగా అదిమింది. చేద పడింది. గాడిదకు పొలమారింది.

"ఇదుగో, దరిద్రపు నవ్వు!" అంది గట్టిగా. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గుమ్మం దగ్గర ఒక రాతి పడగ చిన్నగా కదిలి, నాలుక చాచింది.

"ఎవరు నువ్వు?"

గుమ్మంలో ధూమ్రజటుడు నిలబడి ఉన్నాడు. జడల పొగ కప్పుకు తగులుతోంది. చేతిలో ఎముకల దండం. వెనక పృచ్ఛకాచార్యుడూ, పాతికమంది పండితులూ. మాంత్రికుడు దండం ఆడించగానే గాలి గుప్పిట పట్టినట్టయి కుందమ గడ్డం సగం ఊడి అవతల పడింది. సగం గుగ్గిలానికి అతుక్కుని వేలాడింది.

"స్త్రీ!" అన్నారు పండితులంతా.

ఎంత ఘోరం జరుగుతున్నా అలవాటు అలవాటే. పృచ్ఛకాచార్యుడు నాలుగంగల్లో వచ్చి, నమస్కారం లేకుండా, ఆమె చేతిలో కంచు తామర పెట్టాడు.

కుందమ ఒక చేతిలో తామర, ఇంకో చేతిలో బుడ్డి పట్టుకుని మాంత్రికుడి వైపు తిరిగింది. ఇరవై రోజులుగా, కాదు, పదకొండేళ్ళ కాపురంలో కూడబెట్టుకున్నదంతా నోటికొచ్చింది.

"నువ్వేనా స్వామివి? సిగ్గుందా నీకు? డోలాయన దగ్గర డోలు లాక్కుని సంతోషంగా లేడేమని అడుగుతావా? పూలమ్మికి పూలిచ్చి మనుషుల్ని తీసేస్తావా? నా మొగుణ్ణి తెచ్చి ఇరవై రోజులు ఒక్కణ్ణే ఉయ్యాలెక్కిస్తావా? తిట్టేవాళ్ళు లేక ఎండిపోయాడు మనిషి! నేను ఇన్నేళ్ళూ నీళ్ళు పోసినట్టు తిట్టి కాపాడుకున్నది, నువ్వు పిండి బుడ్డిలో పోస్తావా?"

టింగ్. టింగ్. టింగ్‌టింగ్‌టింగ్. ఆమె మాట వెంట మాట, రేకు వెంట రేకు. నలభై. డెబ్భై. తొంభై ఏడు దాటింది. తొంభై తొమ్మిది దగ్గర ఒక్క క్షణం ఆగింది.

"ఆ పొగ ముందు ఆర్పుకో! ఇంట్లో అయితే బయట నిలబెట్టేదాన్ని!"

నూరు.

పదకొండేళ్ళలో నూరో రేకు విచ్చుకోవడం ఎవరూ చూడలేదు. రాతి నాగులు రెండూ స్తంభాలు వదిలి, బుసకొడుతూ ఆమె వైపు పాకాయి. ధూమ్రజటుడు దండం ఎత్తాడు.

"ఆగండి స్వామీ!" పృచ్ఛకాచార్యుడు ఆయన చేతికి వేలాడాడు. "మంత్రం వేయకండి! కొలత చెడుతుంది!"

మాంత్రికుడి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఆయన కూడా పండితుడే మరి. "నాగులారా, నిలవండి!" అన్నాడు గుసగుసగా. "ఎవరూ గట్టిగా ఊపిరి తీయకండి."

పాతికమంది పండితులు చతికిలబడి గంటాలు తీశారు. పృచ్ఛకాచార్యుడు రాయించాడు: "ఆనందమునకు కారణం... అంతకుముందు సున్న, గడ్డం ఊడగానే నూరు... కావున, గడ్డం ఊడుట!" వెంటనే ఇద్దరు పండితులు ఒకరి గడ్డం ఒకరు పట్టుకుని లాగి చూసుకున్నారు.

కుందమ ఆ పాతిక తలలనూ చూసింది, ఎండ పొడను చూసింది. అది గంగాళం అంచుకు బెత్తెడు దూరంలో ఉంది. గంగాళాన్నీ చూసింది. అడుగు గుండ్రన, అంచు వెడల్పు. ఇది గంగాళం కాదు, పుట్టి. పక్కన కాలువ. కోటలో అడుగుపెట్టినప్పటినుంచి వింటున్న మాటే ఇప్పుడు ఆమె నోటికి ఆయుధమైంది.

"అయ్యో, ఆ ఎండ పడితే కొలత చెడుతుంది!" అంది.

"ఏమి చేయాలి తల్లీ?" అన్నారు పండితులు.

"గంగాళాన్ని నీళ్ళ మీదకు దించండి. ఊఁ, పట్టండి! ఆ బుడ్లన్నీ అందులో సర్దండి. కింద తాటాకులు పరవండి, పగిలితే చూడండి! ఈ మనిషిని కూడా కూర్చోపెట్టండి, ఎదురుగా లేకపోతే నాకు మాట రాదు."

"ఆనంద మూలం చెబుతావా?" అన్నాడు ధూమ్రజటుడు. ఆకలిగొన్నవాడు విస్తరి వంక చూసినట్టు చూస్తున్నాడు.

"పుట్టిలో కూర్చుంటే గాని రేవుమనిషికి నోరు పెగలదు స్వామీ. కూర్చున్నాక అంతా చెబుతా."

మహాగ్రంథపు తాటాకుల మీద నూట ఏడు బుడ్లను పండితులు పసిపాపల్లా పడుకోబెట్టారు. ముమ్మడి "అలాగేనండి" అంటూ ఎక్కి కూర్చున్నాడు. కుందమ ఎక్కి, తామరనూ బుడ్డినీ ఒళ్ళో పెట్టుకుని, బట్టీ కలిపే పొడుగాటి తెడ్డును చేతిలోకి తీసుకుంది.

"ఊఁ, ఇప్పుడు చెప్పు. ఏమిటి మూలం?" అన్నాడు మాంత్రికుడు కాలువ ఒడ్డున వంగి.

"చెబుతా, విను. చూసేవాడు అవతలికి పోవాలి" అని కుందమ తెడ్డుతో ఒడ్డును ఒక్క తోపు తోసింది.

గంగాళం గిర్రున తిరిగి ప్రవాహంలో పడింది. వెనక నుంచి పిడుగులాంటి కేక. ధూమ్రజటుడు దండం విసిరాడు. అది నీళ్ళకు తగిలిన చోట కాలువ సలసల కాగింది. "మింగండి!" అని అరిచాడు. రాతి నాగులు రెండూ దభేలున నీళ్ళలోకి దూకి, నీటిని రెండుగా చీల్చుకుంటూ తరుముకొచ్చాయి. ఆయన జడల పొగ పెద్ద రాబందై, ఆయన్ని వీపున ఎక్కించుకుని పైకి లేచింది. ఎదుర, వందబారల దూరంలో, రాతి మొసలి నోరు. దాని అవతల ఆకాశం తప్ప ఇంకేమీ కనబడడం లేదు.

కుందమ ఒక చేత్తో తెడ్డు వేస్తూ, పళ్ళతో లక్క ముద్ర కొరికి ఉమ్మేసి, బుడ్డిని ముమ్మడి చెవిలో బోర్లించింది.

వెక్కిలి, చేద, గాడిద, అన్నీ లోపలికి పోయాయి. ముమ్మడి అలాగే కూర్చున్నాడు.

"ఏమయ్యా?"

"అలాగేనండి."

ఆమె బుడ్డిని దులిపి చూసింది. ఇంత చేసీ ఇంతేనా? అప్పుడే కాళ్ళకు చల్లగా తగిలింది. కిందికి చూసింది. గంగాళం అడుగున, మడ్డి వదలడానికి పెట్టిన కన్నానికి లక్క బిరడా ఊడిపోయి, నీళ్ళు చిమ్ముతున్నాయి.

"ఇక్కడ కూడానా!" అని కుందమ ఆకాశం వంక చూసి అరిచింది. "ఇరవై రోజులు ఏడ్చి, మూడు రోజులు కొండెక్కి, గడ్డం అంటించుకుని, మాంత్రికుడి నోట్లోంచి లాక్కొచ్చి, చివరికి మళ్ళీ కన్నం ఉన్నదాంట్లోనే ఎక్కానా! ఏ జన్మలో ఎవరి పుట్టి ముంచానో! చూస్తావేం, కాలు పెట్టు!"

ముమ్మడి కాలి బొటనవేలు దానంతటదే వెళ్ళి కన్నంలో దూరింది. అతడు దాని వంక చూశాడు. తర్వాత ఆమె వంక చూశాడు. చెంపకు వేలాడుతున్న సగం గడ్డం వంక చూశాడు.

"కుందూ" అన్నాడు. "బుగ్గకు అదేంటే?"

"నార! గుగ్గిలం! నీకోసమే!"

"పుట్టికి పూయమంటే..." అన్నాడతడు. వెక్కిలి వచ్చింది. "బుగ్గకు పూసుకున్నావా?"

చేద దభీమని నూతిలో పడింది. ఆ నవ్వుకు నూట ఏడు బుడ్లూ ఒక్కసారిగా గలగలలాడాయి. వెనక నాగులు ఆ వాసనకు పడగలు ఎత్తి రెట్టింపు వేగంతో వచ్చాయి. కుందమ పెదవి కొరుక్కుంది. నవ్వితే తెడ్డు జారుతుంది.

"ఇకిలించింది చాలు, నీళ్ళు తోడు! బుడ్లు మునుగుతున్నాయి! ఎవరెవరి నవ్వులో అవి, మనకు అప్పజెప్పినట్టు!"

"దేంతో తోడనే?"

"ఇదుగో, దీంతో!" అని కంచు తామరను అతని ఒళ్ళోకి విసిరింది. మొగ్గలా ముడుచుకుని ఉంటే చక్కటి చెంబే అది. ముమ్మడి దాన్ని అందుకుని, నీళ్ళు ముంచి, పైకెత్తాడు. టింగ్‌టింగ్‌టింగ్‌మని రేకులన్నీ విచ్చుకున్నాయి. నీళ్ళు మొత్తం అతని నెత్తిన పడ్డాయి. గాడిదకు పొలమారింది. మళ్ళీ ముంచాడు. మళ్ళీ విచ్చుకుంది.

నాగుల బుస వీపుకు తగులుతోంది. రాబందు నీడ గంగాళం మీద పడింది. రాతి మొసలి పళ్ళు అటూ ఇటూ దాటిపోయాయి. గంగాళం ముందు అంచు నీటిని వదిలి, జంట ఇంద్రధనుస్సుల మీదికి ఒరిగింది.

"కాసేపు సంతోషపడడం ఆపవయ్యా!" కుందమ గొంతు చించుకుని అరిచింది. "నీళ్ళు నిలవడం లేదు!"